కావాలని చెప్పని బేరం

మా ఇంట్లో పిల్లలకి పలక చేతికివ్వడానికి ముందే నేర్పే విద్య ఒకటుంది. కావలసిన వస్తువు వైపు చూడకపోవడం.

అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకి వెళ్ళే దారిలో మా కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక గుడ్డ తెర. బడి తెరిచే ముందు ఒకసారి నాన్న నన్ను బ్యాగు కొనడానికి తీసుకెళ్ళాడు. ఆ బ్యాగుల కొట్టులోకి అడుగు పెడుతూనే నాకు నీలం బ్యాగు నచ్చింది. నచ్చిందని నాన్నకి తెలిసిపోయింది. ఆయన గొడుగు ధర అడిగాడు. గొడుగు విప్పి, మూసి, పెదవి విరిచాడు. తరవాత రెయిన్‌కోటు ధర. అదీ వద్దన్నాడు. మెట్లు దిగుతూ, ఏదో అప్పుడే కంటబడ్డట్టు ఆగి, ఆ నీలం బ్యాగుని గడ్డంతో చూపించి, "అదేటి, కిందటేడు మిగిలిపోయిందా?" అని అడిగాడు. ఆ బ్యాగు మేం అనుకున్నదానికన్నా తక్కువకే మా ఇంటికొచ్చింది. దారిలో నాకు పాఠం చెప్పాడు. "నీకు నచ్చిందని ఆడికి తెలిసిందనుకో, ఆ నచ్చడానిక్కూడా డబ్బులేసుకుంటాడు."

అమ్మేటప్పుడు ఇదే విద్య తిరగేసి వాడేవాడు. కొనడానికొచ్చిన మనిషి నోరు చింతపండు ధర అడుగుతుంది, కళ్ళు మాత్రం బెల్లం దిమ్మ మీదే ఉంటాయి. నాన్న నోటికి ఏదో ఒక జవాబు చెప్పి, లెక్క మాత్రం కళ్ళతో చూసుకునేవాడు.

నేను బాగా చదువుకునే పిల్లనని అందరూ అనేవారు. చదువు సంగతి ఎలా ఉన్నా, ఈ విద్యలో మాత్రం నాకు ఫస్టు క్లాసు. హైస్కూలుకి వచ్చేసరికి నా మొహం షట్టరు దించిన కొట్టులా ఉండేది. పాసయ్యానో తప్పానో పక్క బెంచీ అమ్మాయికి కూడా తెలిసేది కాదు. అందుకు నేను చాలా గర్వపడేదాన్ని.

ఆ షట్టరు ఒకసారి పైకి లేవకుండా బిగుసుకుపోయింది. ఆ కథే ఇది.

వానాకాలం వస్తే మా కొట్టులో బెల్లం చెమర్చేది. పైకప్పు కారేది కాదు, నేల పొడిగానే ఉండేది. అయినా దిమ్మ మీద ముందు ఒక మెరుపు, ఆ మెరుపు మీద చిన్న చిన్న బొట్లు, మర్నాటికల్లా గోనెపట్టా తడి. నాన్న పాత పంచె ముక్కతో దిమ్మల్ని ఒక్కొక్కటే తుడిచి, తడిసిన వైపు గోడకి తిప్పి పెట్టేవాడు. ఈ నీళ్ళెక్కడివి అని అడిగితే "గాల్లోవి" అనేవాడు. గాల్లో నీళ్ళుంటే కందిపప్పు బస్తా మీదో, నా పుస్తకాల మీదో ఎందుకు కూర్చోవు, వెతుక్కుంటూ వచ్చి బెల్లం మీదే ఎందుకు కూర్చుంటాయి? ఈ ప్రశ్న నాతోపాటే పెద్దదయింది. ఎమ్మెస్సీలో ఒక మేష్టారు, రెండు పదార్థాలు ఒకదాన్నొకటి తాకే చోట, ఆ పలచటి సరిహద్దు మీద, లోపల ఎక్కడా జరగని సంగతులు జరుగుతాయని చెప్పారు. ఆ శాస్త్రానికి ఇంగ్లీషులో పెద్ద పేరుంది, తెలుగులో ఉపరితల రసాయనం. నాకు వెంటనే పంచె ముక్క గుర్తొచ్చింది. నేను చెయ్యాల్సిన పని ఇదేనని ఆ క్షణంలోనే తెలిసింది. ఎవరికీ చెప్పలేదని వేరే చెప్పక్కర్లేదు.

పీహెచ్‌డీ సీటు కోసం విశాఖ యూనివర్సిటీకి వెళ్ళినప్పుడు నీలం బ్యాగు పద్ధతే వాడాను. ఉపరితలాల మీద పనిచేసే ప్రొఫెసరు గదిలో కూర్చుని, ఆయన్ని ఎదుటి ల్యాబులో ఖాళీలున్నాయా అని అడిగాను. ఆ పక్క ల్యాబు గురించి కూడా వివరాలు కనుక్కున్నాను. లేచి గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "మీ దగ్గర కూడా ఒకటుందని ఎవరో అన్నారు సార్" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను కాసేపు చూశారు. మీ నాన్నగారిది ఏం కొట్టు అని అడిగారు.

సీటు ఇచ్చారు. నా బేరం గొప్పదనమే అనుకుని మూడేళ్ళు తిరిగాను. ఆ ఏడు ఆ సీటుకి నేను తప్ప ఇంకెవరూ రాలేదని తరవాత తెలిసింది. అప్పటికి ఆ పద్ధతి మీద నాకు నమ్మకం ముదిరిపోయింది.

రోజూ పొద్దున్న పాసింజరు రైల్లో వెళ్ళి సాయంత్రం రైల్లో వచ్చేదాన్ని. మా ల్యాబులో మరో అమ్మాయి ఉండేది. బుచ్చయ్యపేట వైపు చెరకు పండించే రైతుల పిల్ల. మనసులో ఏముంటే నోట్లో అదే. మా గైడు, అంటే ఆ ప్రొఫెసరే, కొత్త కెమెరా తెప్పిస్తే "ముందు నాకియ్యండి సార్" అని చెయ్యి చాపేసేది. నేను ఆ కెమెరా నాకవసరమే లేనట్టు కిటికీలోంచి చూస్తూ నిలబడేదాన్ని. కెమెరా ఆమెకే వెళ్ళేది.

మా పని చూడ్డానికి చాలా చిన్నది. గాజు పలక మీద ఒక పూత పూసి, సన్నటి సూదితో దాని మీద ఒక్క నీటి బొట్టు పెట్టి, పక్కనుంచి ఫోటో తీసి, ఆ బొట్టు పలకని ఏ కోణంలో తాకుతోందో కొలవడం. కొన్ని పూతల మీద బొట్టు పరుచుకుపోతుంది. కొన్నిటి మీద ముత్యంలా ముడుచుకుని, తాకీ తాకనట్టు కూర్చుంటుంది. తేమని పీల్చే వస్తువు మీద ఎలాంటి పూత పూస్తే బొట్టు అలా ముడుచుకుంటుంది, ఆ పూత వానాకాలం గాలికి ఎంతకాలం నిలుస్తుంది అన్నది నా థీసిస్. నా పూత ఎండాకాలంలో రాజాలా ఉండేది. తొలకరి పడగానే జారిపోయేది. ఒకసారి తడిసిన చోటుని పలక గుర్తుపెట్టుకుంటుంది. ఆరబెట్టినా మళ్ళీ మొదట్లాగా ఉండదు. దాని వెనక పడి అయిదేళ్ళు తిరిగాను. ఆ అయిదేళ్ళూ నాకు ఎంత ఇష్టమో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. అప్పుడు ఎవరైనా అడిగితే "పరవాలేదు, జరుగుతోంది" అనేదాన్ని.

థీసిస్ ఇచ్చేశాను. గైడు రిటైరయ్యే ఏడు అది. డాక్టరేటు తరవాత మరొకరి ల్యాబులో కొన్నేళ్ళు చేసే పరిశోధన ఒకటుంటుంది, పోస్ట్‌డాక్ అంటారు. నాన్నకి అర్థమయ్యేలా చెప్పాలంటే, సొంత కొట్టు పెట్టుకునే ముందు పెద్ద షావుకారు దగ్గర కూర్చుని వ్యాపారం చూసుకోవడం. అది లేకపోతే తరవాత ఎవరూ ల్యాబు చేతికివ్వరు. మా ఊళ్ళో ఒక ప్రైవేటు ఇంటర్ కాలేజీ వాళ్ళు అప్పటికే కబురు చేశారు. కెమిస్ట్రీ లెక్చరరు మధ్యలో మానేశాడు, నెలాఖరులోగా వచ్చి చేరమన్నారు. గైడు ఒకటే మాట చెప్పారు. అక్కడ కూర్చున్నావంటే మళ్ళీ ల్యాబులోకి రావడం కష్టమమ్మా, వెళ్ళినవాళ్ళని చాలామందిని చూశాను, తిరిగొచ్చినవాళ్ళని చూళ్ళేదు అన్నారు. అంటే నెలాఖరులోగా ఎక్కడో ఒక ల్యాబు తలుపు తెరుచుకోవాలి. లేకపోతే ఆ బొట్టుతో నా సంబంధం అంతటితో సరి.

మెయిన్ రోడ్డులో నెట్ సెంటరు ఉండేది. అందులో కూర్చుని దేశవిదేశాల ప్రొఫెసర్లకి ఉత్తరాలు కొట్టేదాన్ని. ఒక్కరూ జవాబివ్వలేదు. ఒకరోజు బుచ్చయ్యపేట అమ్మాయి నా భుజం మీంచి వంగి నా ఉత్తరం చదివింది. అందులో నేను మీ ల్యాబు సౌకర్యాలు ఏమిటని అడిగాను, ప్రస్తుతం అనేక చోట్ల అవకాశాలు పరిశీలిస్తున్నానని రాశాను, సరైనదిగా తోస్తే మీది కూడా ఆలోచిస్తానని ముగించాను.

"ఒలే, ఇది పని అడగడమా, అద్దిల్లు సూడ్డమా?" అంది. "కుళాయి వత్తాదా, గాలాడతాదా అని అడిగినట్టుంది."

ఆమె ఉత్తరం చూపించమన్నాను. మీ ల్యాబులో పనిచెయ్యాలని నాకు చాలా కోరికగా ఉంది, నాకు రానివి చాలా ఉన్నాయి, నేర్పితే నేర్చుకుంటాను అని వంకర ఇంగ్లీషులో రాసింది. చదివి నాకు సిగ్గేసింది, ఆమె తరఫున. ఇలా ముందే పడిపోతే వాళ్ళు గొడ్డు చాకిరీ చేయించుకుంటారని కొట్టువాళ్ళ ఇంట్లో పుట్టిన అనుభవంతో హెచ్చరించాను.

"సేయించుకోనీ," అంది. "పని సెయ్యడానికే కదేటి ఎల్తన్నది?"

ఆమెకి బెంగుళూరులో దొరికింది. అదృష్టవంతురాలు అనుకున్నాను. పద్ధతి తప్పని అనుకోలేదు.

చివరికి నా ఉత్తరాల్లో ఒకదానికి జవాబొచ్చింది. ఉత్తర యూరప్‌లో ఒక చిన్న ఊరు, అక్కడ ఉపరితలాల మీదే పనిచేసే ఒక ప్రొఫెసరు. ఆవిడ రాసిన పేపర్లన్నీ నేను జెరాక్సు తీయించి పెట్టుకున్నవే. ఫోనులో మాట్లాడతానంది. మా ఇంట్లో ఫోనంటే కొట్టులో గల్లాపెట్టె పక్కనున్న ఫోనే. ఆవిడకి మధ్యాహ్నం అంటే మనకి సాయంత్రం, కొట్టు కిటకిటలాడే వేళ. పోనీ గైడు గదిలోంచి మాట్లాడతాను అంటే, ఆ రోజు నాన్న ఒప్పుకోలేదు. మన బేరం మన కొట్టులోనే జరగాలన్నాడు.

వాన పడుతోంది. నాన్న రేడియో కట్టేశాడు. అమ్మాయికి ఫారిన్ నుంచి ఫోనొస్తోంది, కాస్త మెల్లిగా మాట్లాడండని అందరికీ చెప్పాడు. ఆ మాటతో వచ్చినవాళ్ళు కొనడం మానేసి అక్కడే నిలబడిపోయారు. నూనె సీసాతో వచ్చిన ఒక ముసలమ్మ బియ్యం బస్తా మీద స్థిరపడింది. ఫోను మోగింది.

మొదట్లో అంతా నేను అనుకున్నదానికన్నా బాగా జరిగింది. ఎండాకాలం కొలతలకీ వానాకాలం కొలతలకీ అంత తేడా ఎందుకొచ్చిందని ఆ ప్రొఫెసరు అడిగింది. పలక ఒకసారి తడిస్తే మరిచిపోదని చెప్పాను. బొట్టుని ముందుకి తోసినప్పుడు ఒక కోణం, వెనక్కి లాగినప్పుడు ఒక కోణం, ఆ రెంటి మధ్య ఎడం వానాకాలంలో ఎలా పెరుగుతూ పోయిందో చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపి, ఒక ప్రశ్న వేసి, నా జవాబు విని, అవును, అదే అయుండాలి అంది. నా చేతిలో రిసీవరు చెమటకి జారుతోంది. మా కొత్త పనిలో తేమే ముఖ్యం, తేమలో పెరిగినవాళ్ళెవరూ మా దగ్గర లేరు అని నవ్వింది. తరవాత గొంతు మార్చి ఒక మాట అడిగింది. ఈ స్థానానికి ఇంకొకరు కూడా ఉన్నారు. మీకిది ప్రత్యేకించి కావాలా? ఎందుకు కావాలి?

నా దగ్గర జవాబు లేక కాదు. గోడకి తిప్పి పెట్టిన బెల్లం దిమ్మలు ఆ క్షణంలో నా ఎదురుగానే ఉన్నాయి. తలెత్తి చూస్తే నాన్న. ఇంగ్లీషు రాకపోయినా మాట ఎక్కడిదాకా వచ్చిందో ఆయనకి తెలిసిపోయింది. బేరం తెగే క్షణం ఆయనకి వాసనకే తెలుస్తుంది. అరచెయ్యి నా వైపు కొంచెం లేపాడు. ఆగు అని.

ఆగాను.

నిజం చెప్పాలంటే ఆ నిశ్శబ్దం నాకు బాగుంది. అప్పటిదాకా పరీక్ష ఆవిడ చేతిలో ఉంది, ఇప్పుడు ఆవిడ నా కోసం ఎదురుచూస్తోంది. ఇంకో క్షణం ఆగితే ఆవిడే ఏదో ఒకటి కలుపుతుంది, కొత్త పరికరమో, మరో ఏడాదో. ఆవిడ హలో అంది. ఉన్నారా అంది. ఉన్నానని మాత్రం చెప్పాను. మళ్ళీ ఊరుకున్నాను. వాన చప్పుడు ఆవిడకి కూడా వినిపించే ఉంటుంది.

"అర్థమైంది," అందావిడ, చాలా మర్యాదగా. మీకు వేరే చోట్ల అవకాశాలున్నాయని ఉత్తరంలో రాశారు కదా, తొందర పెట్టడం భావ్యం కాదు, ఆలోచించుకోండి అని ఫోను పెట్టేసింది.

ఏమందని కొట్టంతా అడిగింది. ఆలోచించుకోమందని చెప్పాను.

"ఆలోచించుకోమందా? అయితే పడిందమ్మా," అన్నాడు నాన్న. "రేపో ఎల్లుండో ఆవిడే చేత్తాది. నువ్వు మటుకు చెయ్యకు."

నూనె సీసా ముసలమ్మ కూడా నన్ను గట్టిపిల్లని మెచ్చుకుని, నూనె పోయించుకోవడం మరిచిపోయి వెళ్ళిపోయింది.

ఆవిడ చెయ్యలేదు.

ఆ తరవాతి రోజులు మా కొట్టులో ఫోను ఒక మనిషిలా తయారయింది. అది మోగితే ఇద్దరం ఒకేసారి తలెత్తేవాళ్ళం, ఒకేసారి తల దించుకునేవాళ్ళం. గొలుగొండ నుంచి చిల్లర కొట్టువాడు పప్పు ఆర్డరు చెబుతుంటే నాన్న ఆ ఊ అని తొందరగా కట్ చేసేవాడు, ఎప్పుడూ లేనిది. నేను చూడడం లేదనుకున్నప్పుడు రిసీవరు ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని, లైను పనిచేస్తోందో లేదో చూసి మెల్లిగా పెట్టేసేవాడు. ఆయన చూడడం లేదనుకున్నప్పుడు నేనూ అదే పని చేసేదాన్ని. నెట్ సెంటరుకి వెళ్ళి మెయిలు తెరిచి, ఏమీ లేదని చూసి, ఆవిడకి రాద్దామని పేరు కొట్టి, చెరిపేసి వచ్చేదాన్ని. రాస్తే బేరం పోయినట్టే కదా. రాత్రి కంచం ముందు కూర్చుని వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి.

నెలాఖరు దగ్గర పడింది. కాలేజీ మనిషి ఒకాయన పంచదార కొనే నెపంతో కొట్టుకొచ్చాడు. రేపటికల్లా ఏ సంగతీ చెప్పమన్నాడు, లేకపోతే వేరేవాళ్ళని తీసుకుంటామన్నాడు. చూద్దామండీ అన్నాను. ఆయన వెళ్ళాక నాన్న పంచె ముక్క పట్టుకుని దిమ్మలు తుడవడం మొదలెట్టాడు. తుడుస్తూనే, నా వైపు చూడకుండా అడిగాడు.

"నీకా దేశం ల్యాబు కావాలా, ఈ కాలేజీ కావాలా?"

"ఏదైనా పరవాలేదు నాన్నా. చూద్దాం."

ఆయన చెయ్యి దిమ్మ మీద ఆగిపోయింది.

"నా దగ్గిర కూడా బేరవేటమ్మా?"

నేను మాట్లాడలేదు. మామూలుగా అయితే ఆయన కూడా మాట్లాడడు. ఎదుటివాడు నోరు విప్పేదాకా సాయంత్రమైనా కూర్చోగల మనిషి. ఆ రోజు ఆగలేకపోయాడు.

"ఆవిడ పెట్టేసిన కాడ్నించీ నీ కళ్ళు ఫోను మీదే ఉన్నాయి. చింతపండు అడిగినోళ్ళకి పంచదార కట్టేత్తన్నావు. చూత్తానే ఉన్నాను."

"మరి నువ్వే కదా చెయ్యొద్దన్నావు?"

"నేను కొట్టువాణ్ణి. నాకు తెలిసిందదే." పంచె ముక్క మడిచి గోనె మీద పెట్టాడు. "నీ చదువులో ఏటి చెయ్యాలో నాకేటి తెలుసు? నీకు కావాలా, చెప్పు."

"కావాలి," అన్నాను.

ఒక్క మాట. అంత వయసొచ్చాక, నా గొంతులో అది ఎవరిదో అరువు తెచ్చుకున్న మాటలా పలికింది. దాని వెనకే ఏడుపు కూడా వచ్చింది. నాన్న కంగారుగా వీధిలోకి చూశాడు, ఎవరైనా కొనడానికి వస్తున్నారేమోనని.

కొట్టు ఫోనుకి విదేశాలకి కలిపే ఐఎస్‌డీ లేదు. మధ్యాహ్నం దాటాక స్టేషను రోడ్డులో టెలిఫోను బూత్‌కి వెళ్ళాం. నాన్న కొట్టు మూసేసి, గొడుగు పట్టుకుని వెంట వచ్చాడు. పనివేళల్లో ఆయన కొట్టు మూయడం నేను చూసిన మొదటిసారి అదే. బయట నిలబడ్డాడు.

ఆవిడ వెంటనే గుర్తుపట్టింది. ఆ స్థానం ఇంకొకరికి ఇచ్చేశాననీ, ఆయన ఒప్పుకున్నాడనీ చెప్పింది. మీరు చాలాచోట్ల చూస్తున్నారనుకున్నాను అంది. నాకింకెక్కడా ఏదీ లేదు, ఎప్పుడూ లేదు అన్నాను. మరి అలా ఎందుకు రాశారని అడిగింది. నీలం బ్యాగు సంగతి ఇంగ్లీషులో, అంతదూరం నుంచి ఎలా చెప్పేది? "మా ఊళ్ళో అలాగే రాస్తాం" అన్నాను. అనకాపల్లి మొత్తాన్ని నా తప్పులోకి లాగేశాను. ఊరు నన్ను క్షమించాలి.

ఆవిడ నవ్వలేదు. అవతల నిశ్శబ్దం. పాత నేనైతే ఆ నిశ్శబ్దాన్ని ఆవిడకే వదిలేసేదాన్ని. ఆ రోజు ఆవిడ అప్పుడెప్పుడో వేసిన ప్రశ్నకి జవాబు మొదలెట్టాను. చెమర్చే బెల్లం, పంచె ముక్క, ఈ నీళ్ళెక్కడివని అడిగిన పిల్ల, గాల్లోవి అని చెప్పిన తండ్రి, వానాకాలం రాగానే జారిపోయే పూత, అది ఎందుకు జారిపోతోందో తెలియకుండా నేను పాఠాలు చెప్పుకుంటూ బతకలేకపోవడం. వ్యాకరణం ఎటు పోయిందో తెలీదు. ఊపిరి తీసుకోవడం మాత్రం గుర్తుంది, గట్టిగా.

ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా విని, క్షమించమంది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేను అంది. ఇప్పుడు చెప్పిందే, ఇలాగే, ఈసారి ఎవరికి రాస్తే వాళ్ళకి రాయండి అని చెప్పి పెట్టేసింది.

బూత్ తలుపు తీసుకుని బయటికొచ్చాను. నాన్న నా మొహం చూశాడు.

"పోయింది," అన్నాడు. అడగడం కాదు.

"ఎలా తెలిసింది?"

"కనబడతంది."

గొడుగు నా మీదకే పట్టి, తను సగం తడుస్తూ నడిచాడు. రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి వెళ్ళేదాకా నిలబడ్డాం. అది చాలా పొడుగు బండి.

మర్నాడు కాలేజీలో చేరాను. ఆ ఏడాది గురించి ఎక్కువ చెప్పను. బండ్ల కొద్దీ పిల్లలు, పొద్దున్నుంచి చీకటి పడేదాకా క్లాసులు, సుద్దముక్క పొడి. ఉపరితల రసాయనం సిలబస్సులో చివరి పాఠం, పరీక్షకి అంతగా రాదని వదిలెయ్యమన్నారు. నాకు వదలబుద్ధి కాలేదు. వాళ్ళు చెప్పనీయలేదు. ఒక వాన రోజు స్టాఫు రూములో గాజు గ్లాసు మీద నీటి బొట్టు కనబడితే దాని కోణం ఎంతో కంటితో అంచనా వేస్తూ బెల్లు వినలేదు. గైడు చెప్పింది నిజమేననిపించేది. తలుపు మూసుకుపోవడం పెద్ద చప్పుడుతో జరగదు. ప్రతి రోజూ కొంచెం కొంచెం దగ్గరికి వస్తూ ఉంటుంది.

ఆ చలికాలంలో బుచ్చయ్యపేట అమ్మాయి బెంగుళూరు నుంచి ఫోను చేసి, హైదరాబాదులో ఒక ల్యాబు వాళ్ళు ఉపరితలాల మీద పనిచెయ్యడానికి మనుషుల్ని చూస్తున్నారని చెప్పింది. "ఈసారి అద్దిల్లు సూడకే," అని పెట్టేసింది.

ఈసారి ఇంటర్వ్యూ ఎదురెదురుగా. బల్ల అవతల నలుగురు. నేను కుర్చీలో కూర్చున్నానో లేదో, "నాకీ పని కావాలి సార్" అనేశాను. ఇంకా ఎవరూ ఏమీ అడగలేదు. వాళ్ళలో పెద్దాయన చేతిలో టీ కప్పు గాల్లోనే ఆగిపోయింది. మీ పేరైనా చెప్పండి ముందు అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఒళ్ళంతా చెమటలు పడుతుంటే.

నేనడిగిన స్థానం వాళ్ళు ఇవ్వలేదు. ఏడాది మాత్రమే ఉండే చిన్న స్థానం ఒకటి ఇచ్చారు, మరొకరి ప్రాజెక్టులో. ఆ తరవాత సంగతి తరవాత చూద్దామన్నారు. ఏ ఉత్తరంలోనూ హామీ లేదు.

నాన్నకి చెప్పాను. ఆయన ఆ వివరాలన్నీ రెండేసి సార్లు చెప్పించుకున్నాడు. చివరికి తల ఊపాడు.

"చూసేవా? కావాలని ముందే చెప్పేసేవు. తగ్గించేసేరు."

"ఇచ్చేరు కదా నాన్నా."

"ఇచ్చేరు," అన్నాడు. ఆయన మొహంలో ఏముందో, ఇన్నేళ్ళ అనుభవంతో కూడా నేను చదవలేకపోయాను.

ఆయనదీ తప్పు కాదు. పెద్దది అడిగితే చిన్నది చేతిలో పెట్టారు. అడగనప్పుడు అదీ లేదు. ఏది మంచి బేరమో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ ఏడాది స్థానం కోసం నేను పడ్డ భయం మాత్రం బాగా గుర్తుంది. రైలెక్కే ముందు రోజు కూడా, ఇది కూడా అయిపోతే ఏమిటన్న ఆలోచనతో బట్టలు సర్దుతున్నాను.

తెరకి అటు పక్కన ఎవరో వచ్చారు. నాన్న అన్నం తింటున్నాడు, నేనే లేచి వెళ్ళాను. దేవరాపల్లి వైపు నుంచి వచ్చిన ఒక రైతు. తడిసిన కండువా పిండుకుంటూ చింతపండు ఎంత అని అడిగాడు. ఆయన కళ్ళు గోడ పక్కనున్న దిమ్మల దగ్గరికి వెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ వెళ్ళాయి.

చింతపండు ధర చెప్పాను. తరవాత, ఎందుకో, నోరు ఊరుకోలేదు.

"బెల్లం కావాలాండీ?"

ఆయన నన్ను అనుమానంగా చూశాడు. చెయ్యి గభాలున కండువాలో దాచుకున్నాడు, అక్కడేదో దొరికిపోయినట్టు.

"అబ్బే, బెల్లవెందుకమ్మా," అన్నాడు. "ఊరికే సూసేను."

తెర వెనకనుంచి, నోట్లో అన్నం ముద్దతోనే, నాన్న నవ్వడం వినిపించింది.